తూకం కుర్చీ

పిల్ల పుట్టి పదినెలలు దాటినా సూదమ్మాయి కంటినిండా నిద్రపోయింది లేదు. పిల్ల ఏడిస్తే ఎందుకు ఏడుస్తోందోనని లేచేది. ఏడవకపోతే ఎందుకు ఏడవడం లేదోనని లేచేది. లేచి, పిల్ల ముక్కు కింద చూపుడువేలు పెట్టి, వెచ్చటి గాలి తగిలేదాకా తన ఊపిరి బిగబట్టుకుని కూర్చునేది. అది తగిలితే గానీ ఇది వదిలేది కాదు.

"పడుకున్న పిల్ల బతికుందో లేదోనని లేపి చూసే తల్లిని నిన్నే చూశానమ్మా," అనేది అత్తగారు. "నా కొడుకులిద్దర్నీ ఇలాగే పెంచుంటే, వాళ్ళు నిద్ర చాలక ఇప్పటికీ ఆవలిస్తూ తిరిగేవాళ్ళు."

ఆ అత్తగారే నెలాఖరుకి పెద్దకొడుకు ఇంటికి వెళ్ళిపోతోంది. అక్కడ పెద్దకోడలికి నెలలు నిండుతున్నాయి. మొగుడా, కుర్చీల వ్యాను తోలుకుంటూ పొద్దున పోతే దీపాలు పెట్టాక గానీ రాడు. ఇక పగలు పిల్లని ఎవరు చూడాలి? సూదమ్మాయి ఏ పని చేస్తున్నా ఈ ఒక్క మాటే బుర్రలో గిర్రున తిరుగుతూ ఉండేది.

ఆమె పనిచేసేది పడక్కుర్చీలు చేసే కార్ఖానాలో. వెనకగదిలో చట్రాలు, మధ్యగదిలో కుట్టుమిషన్లు, ముందు వీధివైపు మనిషెత్తు అద్దంతో అమ్మకాల గది. అక్కడ ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవరు. తొడుగులు కుడుతుంది కనక ఈమె సూదమ్మాయి. చట్రాలకి స్ప్రింగులు బిగించే ముసలాయన స్ప్రింగుల తాత. కార్ఖానా పెట్టినాయన మనవరాలు, ఇప్పుడు అన్నీ చూసుకునే ఆవిడ, చిన్నమేడమ్. పెద్దమేడమ్ పోయి పదేళ్ళయినా, ఈవిడకి నలభై దాటినా, చిన్నమేడమే.

పిల్లని పనిలోకి తెచ్చుకుంటానని సూదమ్మాయి ఒకసారి అడిగి చూసింది. మధ్యగదిలో ఒక మూల బుట్టలో పడుకోబెట్టుకుంటానంది.

"కత్తెరలు, మేకులు, స్పాంజి దుమ్ము. ఇక్కడ పసిపిల్లనా?" అంది చిన్నమేడమ్. అని, ఈమెను పైనుంచి కిందికి ఒకసారి ఎగాదిగా చూసింది. కుర్చీలో కొలతకి కూర్చోబెట్టేవాళ్ళని చూసే చూపది. "నీ ఎత్తెంత?"

అలా మొదలైంది.

కార్ఖానా పెట్టి డెబ్భైఅయిదేళ్ళు నిండుతున్నాయి. పాత కుర్చీలన్నీ అటకమీంచి దింపి, దులిపి, కొత్త తొడుగులు కుట్టి ముందుగదిలో వరసగా పేర్చాలని చిన్నమేడమ్ ఆలోచన. మొట్టమొదటిదానికి వెనక రంపంలా పళ్ళున్న చెక్క ఉంటుంది. ఇంకొంచెం వాలాలంటే మనిషి లేచి, కర్ర తీసి కింది పంటికి తగిలించుకోవాలి. ఆ కుర్చీని తోపుడుబండి మీద పెట్టి, చిన్నమేడమ్ తాతగారు తానే అందులో పడుకుని, పేపరు చదువుకుంటూ వీధులన్నీ తిరిగాడట. బండికి కట్టిన బోర్డు ఇంకా ఉంది: "ఇంకా నిటారుగానే కూర్చుంటున్నారా?" రెండోదానికి పక్కన పిడి వచ్చింది. దాని ప్రకటన "ఒక్క చెయ్యి చాలు." ఈమధ్య చేస్తున్నవాటికి మోటారు, బొత్తం. వాటికి "ఒక్క వేలు చాలు" అని రాయించింది చిన్నమేడమే.

"ముందు ఒళ్ళంతా కదలాల్సి వచ్చేది, తర్వాత చెయ్యి, ఇప్పుడు వేలు," అనేవాడు స్ప్రింగుల తాత. "మనిషి లేకుండా తనే పడుకునే కుర్చీ ఒకటి చేసేస్తే నేను రిటైరైపోతాను."

పిడికీ బొత్తానికీ మధ్యలో వచ్చిందే తూకం కుర్చీ. దానికి కర్రా లేదు, పిడీ లేదు. మనిషి ఒరిగితే వీపు వాలి కాళ్ళపలక పైకి లేస్తుంది, ముందుకి వంగితే కుర్చీయే మెల్లగా లేపి కూర్చోబెడుతుంది. అంతా అడుగున ఉన్న స్ప్రింగు మహిమ. కూర్చునే మనిషిని కాటా మీద నిలబెట్టి, ఆ బరువుకి తగ్గ కన్నంలో కొక్కెం తగిలిస్తారు. బరువు తక్కువ మనిషి కూర్చుంటే ఆ కుర్చీ వాలనివ్వదు, ముందుకి తోసేస్తుంది.

దాని ప్రకటన అప్పట్లో ఊరంతా అంటించారు. ఒక కాపీ కుట్టుగది గోడకి ఇప్పటికీ ఉంది. ఇదే అద్దం వెనక, ఇదే ముందుగదిలో, కుర్చీలో ఒకావిడ వాలి నిద్రపోతోంది. ఒళ్ళో చిన్న దిండు, దాని చుట్టూ రెండు చేతులు. పెదవుల మీద నవ్వు. అద్దానికి ఇవతల, బొమ్మ అంచున, ఆనించి పెట్టిన రెండు చిన్న అరచేతులు. చేతులే కనిపిస్తాయి, పిల్లవాడు కనిపించడు. కింద పెద్ద అక్షరాలతో "పిలిచినా లేవరు" అని ఉంటుంది.

రోజూ ఎదురుగా కూర్చుని కుట్టుకుంటున్నా సూదమ్మాయి ఆ చేతులకేసి చూసేది కాదు.

"అచ్చం అదే మళ్ళీ చేద్దాం," అంది చిన్నమేడమ్. "అదే కుర్చీ, అదే అద్దం. వారంరోజులు, పదినుంచి అయిదుదాకా నువ్వు కూర్చో. ఫొటోగ్రాఫరొస్తాడు. వారం అయ్యాక బుట్ట తెచ్చుకో, పిల్లని తెచ్చుకో, నేను కాదనను."

సూదమ్మాయి తలూపింది.

*

ఆ తూకం కుర్చీకి తొడుగు మార్చే పని కూడా ఆమెకే పడింది. వీపుదీ, కూర్చునేదీ, చేతులవీ విప్పి కొత్తవి వేసింది. చివరికి ఒడిదిండు మిగిలింది. దాన్ని ఎత్తబోతే చెయ్యి కిందికి లాగింది. అటకమీంచి దింపినవాళ్ళు దూది చెమ్మకి ముద్దకట్టిందన్నారు. దూది ఇంత బరువుంటుందా అనుకుంటూ కుట్టు విప్పింది.

పైన ఒక పొర దూది. లోపల ఒక సంచి, దాన్నిండా ఇసుక. సంచి కాదది, పసివాడి గళ్ళచొక్కా. మెడా, చేతులూ, అంచూ మూసి కుట్టారు. కుట్టు చేత్తో వేసింది, దగ్గరదగ్గరగా, ఒక్కటి తప్పకుండా. కుట్టుపని తెలిసిన చెయ్యి. ఏళ్ళ తరబడి ఎవరో పట్టుకుని కూర్చోవడంవల్ల ఇసుక ఒక వాటం పట్టింది. ఒకవైపు తల ఆన్చినట్టు గుండ్రంగా, ఇంకోవైపు కాళ్ళు ముడుచుకున్నట్టు.

కాటా మీద పెట్టింది. తొమ్మిది కిలోలు. మొన్న డాక్టరమ్మ దగ్గర తన పిల్ల తూగిందీ తొమ్మిదే.

దిండు పక్కన పెట్టి కుర్చీలో కూర్చుని చూసింది. వీపు ఆనించీ ఆనించకముందే అది ఆమెను ముందుకి నెట్టేసింది. మళ్ళీ దిండు ఒళ్ళో పెట్టుకుని ఒరిగింది. కుర్చీ నీళ్ళమీద పడవలా వెనక్కి వాలింది.

వెనకగదిలోకి వెళ్ళి, మాటల్లో మాటగా అడిగింది. "తాతా, ఆ బొమ్మలో ఆవిడ ఎవరు?"

తాత చేతిలోని స్ప్రింగు కింద పెట్టాడు. "ఇక్కడే తొడుగులు కుట్టేది. నువ్వు కూర్చునే మిషను దగ్గరే. మొదటి తూకం కుర్చీకి ఆవిడ బరువే తీశారు. ఆరోజు ఆవిడ పిల్లాడు చంక దిగలేదట. కాటా దగ్గరున్నవాడు అలాగే తూచేసి కొక్కెం పెట్టి, రివెట్టు కూడా కొట్టేశాడట. రెండేళ్ళొచ్చినా తొమ్మిది కిలోలు దాటని బక్కవెధవ, వాడివల్ల ఏం తేడా వస్తుందిలే అనుకున్నారు."

"మరి ఆవిడ ఒక్కతీ కూర్చుంటే వాలకూడదు కదా?"

"కూడదు. కానీ వాలింది. ఎలా వాలిందో నాకూ తెలీదు. నలభైఏళ్ళుగా ఆ స్ప్రింగు లెక్క నాకు కుదర్లేదు."

సూదమ్మాయికి తెలిసిపోయింది. కుర్చీ తనని నెట్టేస్తోందని చెప్తే అద్దంలో కూర్చునే పని ఇంకొకరికి పోతుందని ఆవిడ భయపడి ఉంటుంది. ఎవరికీ చెప్పకుండా కొడుకు చొక్కాలో కొడుకంత ఇసుక పోసి కుట్టుకుంది.

"తర్వాత ఆవిడ ఏమైంది?"

"ఏమవుతుంది. ఆరేళ్ళు కూర్చుంది ఆ అద్దంలో. రోజూ అయిదింటికి ఇంటికొచ్చేది." తాత స్ప్రింగు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "కానీ పిల్లాణ్ణి ఎత్తుకునేముందు కొంచెం ఆలోచించేది. ఎవర్ని ఎత్తుకుంటున్నానా అన్నట్టు. ఎత్తుకున్నాక బరువు చూసుకునేది."

సూదమ్మాయి ఇసుక సంగతి చెప్పేద్దామని నోరు తెరిచింది. చెప్తే కుర్చీ వాలదని తేలుతుంది, బొమ్మ ఉండదు, వారం ఉండదు, బుట్టా ఉండదు. నోరు మూసుకుంది. తన బల్ల దగ్గరికి వెళ్ళి, చొక్కాని అలాగే లోపల పెట్టి, పైన కొత్త తొడుగు వేసి కుట్టేసింది. దగ్గరదగ్గరగా, ఒక్క కుట్టూ తప్పకుండా.

*

మొదటిరోజు పొద్దున అత్తగారికి పదిసార్లు చెప్పింది. "నాలుగున్నరకల్లా పిల్లని తీసుకుని అద్దం దగ్గరికి రండత్తయ్యా. రాగానే అద్దం మీద కొట్టండి. నేను నిద్రపోను, ఊరికే కళ్ళు మూసుకుంటాను. కొడితే చూస్తాను."

"పదినెలల్నుంచి నిద్రపోనిదానివి, ఇవాళ వీధివీధంతా చూస్తుంటే పోతావా? కూర్చో తల్లీ, నీకూ ఒకరోజు విశ్రాంతి."

పదింటికి కూర్చుంది. అద్దం బయట జనం ఆగి చూసి పోతున్నారు. ఒకాయన తన టోపీ సర్దుకోవడానికే ఆగాడు, ఈమెను చూసి సిగ్గుపడి జారుకున్నాడు. ఆమెకు నవ్వొచ్చింది. మధ్యాహ్నం అరగంట లేచి తిని వచ్చింది. అంతా బాగానే ఉంది. ఊరికే భయపడ్డాను అనుకుంది. మళ్ళీ దిండు ఒళ్ళోకి తీసుకుని వాలింది. ఎండ అద్దంలోంచి పడి దిండు వెచ్చబడింది.

వెచ్చగా, బరువుగా, ఒక పక్క గుండ్రంగా ఆమె మోచేతి మడతలో ఒదిగింది. రోజూ ఆ మడతలో ఒదిగేది ఏదో ఒళ్ళు తనంతట తానే గుర్తుపట్టింది. పిల్ల ఒళ్ళోనే ఉంది. పిల్ల ఏడవడం లేదు. పదినెలలుగా బిగుసుకుని ఉన్న భుజాలు వదులయ్యాయి. మెడ వదులైంది. పిల్ల ఒళ్ళోనే ఉన్నప్పుడు ఇక దేనికోసం వినాలి?

కుర్చీ ఇంకొంచెం వాలింది. అంతకుమించి వాలే వీలు దానికి లేదు, అయినా వాలింది.

ఎక్కడో దూరంగా ఏదో చప్పుడు. టప్. టప్. మెత్తటి చెయ్యి దేనిమీదో కొడుతోంది. ఎవరి పిల్లో గుక్కపట్టి ఏడుస్తోంది. పాపం, వాళ్ళమ్మ ఎక్కడుందో అనుకుంది సూదమ్మాయి నిద్దట్లో. పిల్లనలా ఏడిపిస్తూ ఎక్కడికి పోయిందో. తన పిల్లని ఇంకొంచెం దగ్గరికి పొదువుకుంది. టప్ టప్‌మనే చప్పుడు ఇంకా దూరమైంది.

పొదువుకున్నాక అలవాటు ప్రకారం ఆమె చూపుడువేలు కదిలింది. నిద్దట్లోనే ఒళ్ళోని గుండ్రటి తలని తడిమి, ముక్కు ఉండాల్సిన చోట ఆగింది. ఊపిరి బిగబట్టింది, వెచ్చటి గాలి కోసం.

తగల్లేదు.

ఇంకాస్త ఆగింది. ఇదిగో, ఇప్పుడు తగులుతుంది. తగల్లేదు. గుండెలు బరువెక్కాయి. చెవుల్లో హోరు మొదలైంది. ఒళ్ళో ఉన్నది మాత్రం నిశ్చింతగా, బరువుగా, ఇంకొంచెం ఒదిగింది. వదలకు, వస్తుంది, ఆగు అన్నట్టు. ఆమె ఆగింది. అది తగిలితే గానీ ఇది వదలడం ఆమెకు చేతకాదు. కళ్ళముందు ఎర్రగా, తర్వాత నల్లగా అయింది. ఇక ఆగలేక ఆమె ఒళ్ళే తిరగబడింది. పెద్ద ఎగశ్వాసతో లేచి నిలబడింది. దిండు దభీమని కిందపడింది.

అద్దానికి అవతల అత్తగారి చంకలో తన పిల్ల. మొహమంతా కందగడ్డ. రెండు అరచేతులూ అద్దానికి ఆనించి ఉన్నాయి.

ఎలా వెళ్ళిందో తెలీదు, వీధిలో ఉంది. పిల్లని లాక్కుని ముక్కుకింద వేలు పెట్టింది. వేడిగా, తడిగా, ఎక్కిళ్ళతో కలిసి ఊపిరి తగిలింది.

"అరగంటయిందే కొడుతున్నాం," అంది అత్తగారు. "లోపలికొచ్చి లేపుతానంటే ఆ ఫొటో అబ్బాయి ఉండమంటాడు. జనం చూస్తే చప్పట్లు కొడతారు. నువ్వు చూస్తే నవ్వుతున్నావు. ఇది ఇటు చచ్చేలా ఏడుస్తుంటే అటు నువ్వు నవ్వుతున్నావు కోడలా."

చిన్నమేడమ్ పక్కనే ఉంది. "నటిస్తున్నావనుకున్నాను," అంది. "బాగా నటిస్తున్నావనుకున్నాను." ఫొటోగ్రాఫరు దగ్గరికొచ్చి, అచ్చం పాత బొమ్మలాగే వచ్చింది మేడమ్, చేతులు కూడా పడ్డాయి, చూడండి అన్నాడు. ఆవిడ చూడలేదు. "తీసెయ్," అంది. "ఒక్కటి కూడా ఉంచకు."

అప్పుడు అత్తగారు అద్దంలోకి చెయ్యి చూపించింది. "అదేంటి, అదింకా అలాగే ఉంది?"

కుర్చీ వాలే ఉంది. మనిషి లేచాక తనంతట తాను నిటారుగా అవ్వాల్సిన కుర్చీ, వీపు పరుచుకుని, కాళ్ళపలక చాచుకుని అలాగే ఉంది. దిండు నేలమీద ఉంది. కుర్చీలో ఎవరూ లేరు. కానీ కూర్చునే చోట కొత్త తొడుగు లోపలికి దిగి ఉంది, ఎవరో కూర్చుంటే దిగినట్టు.

చప్పట్లు కొట్టిన జనం ఒక్కొక్కరే జారుకున్నారు.

వెనకగదిలోంచి స్ప్రింగుల తాత వచ్చాడు. చేతిలో పానా ఉంది. ఆయన కుర్చీని చూసి, కింద పడ్డ దిండుని చూశాడు. దాని కుట్టు ఒకచోట తెగి, ఇసుక సన్నగా కారుతోంది. తెగినచోట గళ్ళగుడ్డ కనిపిస్తోంది. తాత వంగి, రెండు వేళ్ళతో ఆ గుడ్డని పట్టుకుని చాలాసేపు చూశాడు. పానా పక్కన పెట్టాడు.

సూదమ్మాయి పిల్లతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "ముందే చెప్పాల్సింది తాతా. నాకు తెలుసు. చెప్తే వారం పోతుందని..."

"ఆవిడా అంతే అనుకునుంటుంది," అన్నాడు తాత. "నా చొక్కాయే ఇది. పోయిందని నన్నే తిట్టింది."

తాత అద్దంకేసి చూశాడు, అద్దం మీద పిల్ల అరచేతుల తడి మరకలు ఇంకా ఆరలేదు. "నాకు గుర్తున్నది అద్దం చల్లగా ఉండటం ఒక్కటే. వినబడీ లేవలేదనుకున్నాను. అరవైఏళ్ళు అలాగే అనుకున్నాను." దిండుమీద చెయ్యి వేశాడు. "నేను ఒళ్ళోనే ఉన్నాననుకుంది."

మోకాళ్ళు పట్టుకుని కుర్చీ పక్కన కింద కూర్చున్నాడు. చేతిపట్టె మీద, చెయ్యి ఉండాల్సిన చోట, తన చెయ్యి మెల్లగా పెట్టాడు. ఆయన గొంతు సన్నగా, ఆయనది కానట్టు వచ్చింది.

"అమ్మా. అయిదయింది. ఇంటికి పోదాం."

కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత అడుగున ఎక్కడో స్ప్రింగు కిర్రుమంది. కాళ్ళపలక దిగింది. వీపు లేవడం మొదలెట్టింది. ఒళ్ళో పడుకున్న పిల్లవాడు లేస్తాడేమోనని జాగ్రత్తపడుతూ లేచే మనిషిలా, అంత నెమ్మదిగా. పూర్తిగా నిటారుగా అయ్యాక, దిగిన తొడుగు చిన్నగా నిట్టూర్చి పైకి పొంగింది.

సూదమ్మాయి చంకలో పిల్ల ఏడుపు ఆపి, గుమ్మంవైపు తల తిప్పింది. ఎవరో పక్కనుంచి దాటి వెళ్తుంటే తిప్పినట్టు.

*

మర్నాడు తాత పనిలోకి వచ్చి, ఇంటికి తీసుకెళ్ళిన ఇసుకచొక్కా సంగతి ఎత్తలేదు. ఎవరూ అడగలేదు. ముందురోజు సాయంత్రం ఆయన దాన్ని మోసుకెళ్ళిన తీరు మాత్రం అందరూ చూశారు. సంచిలా భుజాన వేసుకోలేదు, తలవైపు అరచెయ్యి ఆన్చి పట్టుకున్నాడు.

సూదమ్మాయి ఒడిదిండులో ఉత్త దూది కూరి కుట్టేసింది. ఇక ఆ కుర్చీలో కూర్చోనని చెప్పడానికి మాటలు కూడగట్టుకుంటూ చిన్నమేడమ్ దగ్గరికి వెళ్ళింది. చెప్పే పని పడలేదు.

"బుట్ట తెచ్చుకున్నావా?" అంది చిన్నమేడమ్, కాగితాలనుంచి తలెత్తకుండానే. "మేకులుండే మూల కాదు, కిటికీ పక్కన పెట్టుకో. నీకు కనిపించేలా." కాగితం తిప్పుతూ అంది, "దానికీ నువ్వు కనిపించేలా."

కుట్టుగది గోడమీద బొమ్మ ఉండాల్సిన చోట తెల్లటి చదరం మిగిలింది.

తూకం కుర్చీ వరసలోనే ఉంది. కొనడానికి వచ్చినవాళ్ళు సరదాపడి అందులో కూర్చుంటారు. వీపు ఆనించీ ఆనించకముందే అది మెత్తగా, కానీ గట్టిగా, వాళ్ళని లేపి నిలబెట్టేస్తుంది. ఎంత బరువున్న మనిషినైనా అంతే. చివరికి చిన్నమేడమ్ కూడా కూర్చుని చూసింది. నిలబడి, చీర సర్దుకుంటూ విసుక్కుంది.

"స్ప్రింగు పోయినట్టుంది తాతా, ఎవర్నీ ఉండనివ్వడం లేదు. ఒకసారి చూడు."

"పోలేదమ్మా," అన్నాడు తాత. గడియారం చూసుకుని పనిముట్లు సర్దుకుంటున్నాడు. "ఇంటికి పొమ్మంటోంది."